స్కైరిమ్ గడియారం, స్టార్‌డ్యూ గడియారం: మా వరి ఆట ప్రాజెక్టు డైరీ

రెండు ఆటలు, ఒక ప్రశ్న

హైదరాబాద్‌లో కూర్చుని తెలంగాణ పల్లె మీద ఒక చిన్న టూ-డీ ఆట కడుతున్నాం. పొలం పని ఉన్న రోజుల్లో వ్యవసాయం, పని లేని రోజుల్లో రాళ్ల గుట్టల కింది గుహల్లో సాహసం. ఆట కట్టే సాఫ్ట్‌వేర్, అంటే ఇంజిన్, గొడో 4.3. ఏది ఎక్కడి నుంచి నేర్చుకోవాలో తేల్చుకోవడానికి రెండు ఆటలను పక్కపక్కన పెట్టి విప్పి చూస్తున్నాం. ఒకటి 2011 నవంబర్ 11న వచ్చిన బెథెస్డా వారి ఫాంటసీ సాహస ఆట స్కైరిమ్. ఇంకొకటి 2016 ఫిబ్రవరి 26న వచ్చిన వ్యవసాయ ఆట స్టార్‌డ్యూ వ్యాలీ. ఇది ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగున్నరేళ్లు కూర్చుని కోడు, బొమ్మలు, సంగీతం అన్నీ తానే చేసుకున్న ఆట.

కత్తి ఉంటే ఆర్పీజీ (ఒక పాత్రగా మారి సాహసం చేసే ఆట), నాగలి ఉంటే ఫార్మింగ్ అని విడగొడితే పని జరగదు. స్టార్‌డ్యూలో కత్తి ఉంది, 120 అంతస్తుల గని ఉంది. స్కైరిమ్‌లో క్యాబేజీ కోసి రైతుకు అమ్ముకోవచ్చు. 2012లో వచ్చిన హార్త్‌ఫైర్ అనే అదనపు భాగం ఉంటే 5,000 బంగారానికి స్థలం కొని, ఇల్లు కట్టి, పెరట్లో మొక్కలు కూడా నాటొచ్చు. అసలు తేడా గడియారంలో ఉంది. స్కైరిమ్‌లో లోకం ఆటగాడి కోసం ఆగుతుంది. స్టార్‌డ్యూలో లోకం ఆగదు, ఆటగాడే దాని వెంట పడాలి. డబ్బు, అలసట, సేవ్, సంచి అన్నీ ఈ ఒక్క నిర్ణయం వెనకాలే నడుస్తాయని పనిలో దిగేకొద్దీ తేలుతోంది.

గడియారం

స్టార్‌డ్యూలో రోజు పొద్దున 6కు మొదలై రాత్రి 2కు ముగుస్తుంది. ఆటలో 10 నిమిషాలంటే మన 7 సెకన్లు. గడియారం 10 నిమిషాలు జరగడాన్ని ఒక అడుగు అనుకుంటే 20 గంటలకు 120 అడుగులు, అంటే 840 సెకన్లు, దాదాపు 14 నిమిషాలు. నెల లాంటి సీజన్‌కు 28 రోజులు, నాలుగు సీజన్లకు 112 రోజులు. ఏ రోజునూ ముందుగా పడుకుని ముగించకపోతే ఏడాది ఆడడానికి 26 గంటలు పడుతుంది.

స్కైరిమ్‌లో టైమ్‌స్కేల్ మామూలుగా 20. మన ఒక నిమిషానికి ఆటలో 20 నిమిషాలు, రోజుకు 72 నిమిషాలు. స్టార్‌డ్యూ వేగాన్ని ఇదే కొలతలో చెబితే దాదాపు 86. నాలుగు రెట్లకు పైనే తేడా. కానీ వేగం కన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. స్కైరిమ్‌లో టీ మీట నొక్కి 24 గంటల దాకా ఊరికే నిలబడొచ్చు, దానికి ఖర్చేమీ లేదు. డ్రాగన్ వచ్చిందని సైనికుడు పరుగున వచ్చి చెప్పాక కూడా నెలరోజులు వేరే ఊళ్లు తిరిగి రావచ్చు. డ్రాగన్ మన కోసం అక్కడే కాచుకుని ఉంటుంది. స్టార్‌డ్యూలో "వేచి ఉండు" అనే మీటే లేదు, పడుకోవడం ఒక్కటే దారి. వసంతం 28 రాత్రి నిద్రపోతే తెల్లారేసరికి పొలంలోని క్యాలీఫ్లవర్ మొత్తం ఎండిపోయి ఉంటుంది.

స్కైరిమ్‌లో ఆదేశాలు టైపు చేసే కన్సోల్ తెరిచి టైమ్‌స్కేల్‌ను 86కు పెంచి చూడడం మంచి పరీక్ష. ఇలాంటి ఆట కట్టాలనుకునే ఎవరికైనా ఇదే ముందు చేయమంటాం. గడియారం పరుగెత్తుతుంది కానీ మనుషుల నడక వేగం మారదు. మామూలుగా 30 సెకన్ల నడకకు ఆటలో 10 నిమిషాలు పోతే, ఇప్పుడు 43 నిమిషాలు పోతాయి. దుకాణదారు ఇంటి నుంచి అంగడికి వచ్చేసరికి పొద్దెక్కిపోతుంది, దూరం ఎక్కువైతే రోజంతా దారిలోనే గడుస్తుంది. అందుకే స్టార్‌డ్యూ ఊరు అంత చిన్నది. అంత వేగమైన గడియారానికి అంతకన్నా పెద్ద ఊరు కుదరదు. గడియారం ఎంచుకున్న మరుక్షణమే మ్యాప్ కొలత కూడా తేలిపోతుంది.

మా లెక్క ఇలా కుదిరింది. రోజు తెల్లవారుజాము 5 నుంచి రాత్రి 9 దాకా, 10 నిమిషాల అడుగులు 96, అడుగుకు 8 సెకన్లు. రోజుకు 12 నిమిషాల 48 సెకన్లు. గుహలోకి దిగితే అడుగుకు 12 సెకన్లు. ఇది స్టార్‌డ్యూ నుంచే తీసుకున్నాం. అక్కడ స్కల్ కేవర్న్ అనే గుహలో 10 నిమిషాలకు 9 సెకన్లు ఇస్తారు. ఇంటి నుంచి పొలానికి 20 సెకన్ల నడక మించకూడదని గీత గీసుకున్నాం. మా వేగం 75 కాబట్టి అంతకే ఆటలో 25 నిమిషాలు పోతాయి.

కార్తెల క్యాలెండర్

28 రోజుల నాలుగు సీజన్లు ఇక్కడి వ్యవసాయానికి అతకవు. మన రైతు లెక్క కార్తెల్లో ఉంటుంది. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి 13, 14 రోజులు. కార్తెకు ఆటలో 4 రోజులు ఇస్తే ఏడాదికి 108 రోజులు వస్తాయి. స్టార్‌డ్యూ 112కు ఇది బాగా దగ్గర. అసలు ఏడాదికి, ఆట ఏడాదికి నిష్పత్తి 3.38.

ఈ నిష్పత్తి నిలబడుతుందో లేదో వరితో పరీక్షించాం. తెలంగాణ సోనా, అంటే రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన ఆర్‌ఎన్‌ఆర్ 15048, పంట కాలం 125 రోజులు. ఆటలో 37 రోజులవుతాయి. అశ్వినితో ఏడాది మొదలవుతుంది కాబట్టి ఆరుద్ర తొలిరోజు ఆటలో 21వ రోజు. ఆ రోజు నారు పోస్తే 58వ రోజున, స్వాతి రెండో రోజున, కోతకు వస్తుంది. బయట కూడా అంతే: జూన్ 22 ప్రాంతంలో పోసినది అక్టోబర్ నెలాఖరులో, స్వాతి మొదట్లో, కోతకొస్తుంది. 150 రోజుల సాంబ మసూరి, బీపీటీ 5204, ఆటలో 44 రోజులు తీసుకుని అనూరాధ తొలిరోజున దిగుతుంది. బయట నవంబర్ మూడో వారం. రెండు రకాలూ తమ తమ కార్తెలోనే పండాయి కాబట్టి నిష్పత్తిని ఇక ముట్టుకోదలచుకోలేదు.

ఇబ్బంది ఇంకో చోట ఉంది. 37 రోజులంటే ఆడేవాళ్లకు దాదాపు 8 గంటలు. స్టార్‌డ్యూలో మొదటి పార్స్‌నిప్ (ఒక దుంప కూర) 4 రోజుల్లో, గంట లోపే చేతికొస్తుంది. మనిషి ఆ ఆటకు అతుక్కుపోయేది ఆ మొదటి గంటలోనే. పంట కాలాన్ని సగానికి నొక్కేస్తే సమస్య తీరినట్టు కనిపిస్తుంది కానీ సోనా ఉత్తర కార్తె రాకముందే, వానల్లోనే, కోతకొచ్చేస్తుంది. క్యాలెండర్ అబద్ధమైపోతుంది. దాని బదులు పెరటి మడి పెట్టాం. తోటకూర, మెంతికూర బయట 25 నుంచి 30 రోజులు, ఆటలో 8. ముల్లంగికి 12. బాయి పక్కన చిన్న మడిలో ఇవి నడుస్తుంటే మొదటి అమ్మకం రెండు గంటల లోపే వస్తుంది. గంటలోపు కావాలన్నది మా కోరిక. అది ఇంకా తీరలేదు.

ఆ 37 రోజుల్లోనే మాకు అసలు నిధి దొరికింది. వరికి రోజూ పని ఉండదు. సోనా లెక్క విప్పితే ఇలా వస్తుంది. ఆట ఏడాదిలో 21వ రోజున నారు పోయడం. 28న, పునర్వసు చివరి రోజున, నాట్లు. 34న మొదటి కలుపు, 40న రెండో కలుపు. 49న, హస్త మొదట్లో, పైరు ఈనుతుంది. 55న మడిలో నీళ్లు తీసేయాలి. 58న కోత. మధ్యలో 29 నుంచి 33, 35 నుంచి 39, 41 నుంచి 48, 50 నుంచి 54 ఖాళీ. గుహ ప్రయాణాలన్నీ ఈ సందుల్లోనే పడతాయి. ఐదు రోజుల సందులో రెండు మూడు రోజుల గుహ, ఎనిమిది రోజుల సందులో పెద్ద గుహ. ఫాంటసీ ఆటలో లేని గడువును పొలం ఇస్తోంది, ఫార్మింగ్ ఆటలో విసుగు పుట్టించే ఖాళీని గుహ నింపుతోంది. రెండూ ఒకే గడియారం మీద నడవడానికి ఇంతకన్నా మంచి కారణం మాకు కనబడలేదు.

గుహలో మోజు పడి 49 దాటించేస్తే? మడిలో నీళ్లు ఆరి, ఈనే వేళ ఎద్దడి తగిలి, గింజలో మూడో వంతు తాలు పోయేలా పెట్టాం. పంట మొత్తం చావదు. స్టార్‌డ్యూలో కూడా నీళ్లు పోయని మొక్క చావదు, ఆ రోజుకు ఎదగదు, అంతే. ఆ దయ ఆటకు అవసరం.

మడి, నీళ్లు

స్టార్‌డ్యూ పద్ధతిలో గడి గడికీ డబ్బాతో నీళ్లు పోయడం వరికి కుదరదు. వరికి లెక్క మడిది. మా కొలత గుంట: 40 గుంటలు ఎకరం. గుంటకు 6 అడ్డం 6 నిలువు, 36 గడులు. నీటి లోతు గడికి కాకుండా గుంటకు ఒక్క అంకె. 2020లో వచ్చిన జపాన్ ఆట సాకునా కూడా వరి మడిలో నీటి మట్టాన్నే ఆటగా మలిచింది, దాన్ని చూశాకే ఈ దారి పట్టాం.

పై మడి నిండితే గండి గుండా కింది మడికి పారాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మడులను చేసిన వరుసలో లెక్కిస్తే పై మడి వంతు కింది మడి తర్వాత రావచ్చు, అప్పుడు నీళ్లు కింది మడికి చేరేది మర్నాడే. నాలుగు మెట్ల పొలంలో చివరి మడికి మూడు రోజులు ఆలస్యం. గట్టు ఎత్తును బట్టి పై నుంచి కిందికి ముందే వరుస పెట్టుకుని ఒక్కసారి లెక్కిస్తే చాలు. ఆటగాడు గట్టు తీసేసినా, కొత్త మడి కట్టినా మాత్రం ఆ వరుసను మళ్లీ పెట్టాలి.

రాత్రి లెక్క, గుహ లెక్క

ప్రతి మొక్కకూ సొంత టైమర్ తగిలించడం చూడగానే తోచే పద్ధతి. ఎకరానికి 1,440 గడులు. 8 జీబీ ర్యామ్, విడి గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు ల్యాప్‌టాప్‌లో అన్ని నోడ్లు (గొడోలో ఆటను కట్టే విడి ముక్కలు) ప్రతి ఫ్రేమ్‌కూ లేచి కూర్చుంటే ఆట ఈడ్చుకుంటూ నడుస్తుంది. స్టార్‌డ్యూ ఈ పని రాత్రికి వాయిదా వేస్తుంది. ఆటగాడు పడుకున్నప్పుడు పొలం మొత్తాన్ని ఒక్క చుట్టు చుట్టి, ఎదుగుదలను ఒకేసారి వేసేస్తుంది. మేమూ అదే చేశాం. గడి అంటే నోడ్ కాదు, డిక్షనరీ అనే పట్టికలో నాలుగు అంకెలు: విత్తనం, వయసు, కలుపు, తెగులు. బొమ్మను టైల్‌మ్యాప్ లేయర్ గీస్తుంది. రాత్రి లెక్క కనురెప్పపాటులో అయిపోతుంది.

గుహకు స్కైరిమ్ పద్ధతి నయం. అక్కడ ఆటగాడు లేని చోటును ఆట అసలు పట్టించుకోదు. మళ్లీ వచ్చినప్పుడు ఎంత కాలమైందో చూసుకుంటుంది. మామూలు చోట్లకు ఆట గంటల్లో 240, అంటే 10 రోజులు. పూర్తిగా గెలిచిన గుహకు 720 గంటలు, 30 రోజులు. అంతకు మించి ఉంటే శత్రువులను, పెట్టెల్లోని వస్తువులను మళ్లీ నింపుతుంది. మేం గుహకు చివరిసారి వెళ్లిన రోజు సంఖ్య ఒక్కటే రాసిపెడుతున్నాం, 27 రోజులు దాటితే మళ్లీ నిండుతుంది. కావాలనే పావు ఏడాది పెట్టాం, ఒక వరి పంటలో అదే గుహను రెండుసార్లు దోచుకునే వీలు తగ్గాలని.

ఒక జాగ్రత్త: ఆటగాడు గుహలో పెట్టుకున్న సొంత సామాను ఈ నింపుడులో తుడిచిపెట్టుకుపోతుంది. స్కైరిమ్ ఆడేవాళ్లకు ఇది పాత గాయమే. మా గుహల్లో పెట్టె తెరవొచ్చు, తీసుకోవచ్చు, కానీ లోపల పెట్టడానికి వీల్లేదు.

గుహల రూపానికి దూరం వెళ్లనక్కర్లేదు. ఖాజాగూడ రాళ్లు, ఒకదాని మీద ఒకటి నిలబడ్డ ఆ గ్రానైటు గుండ్లు, నేరుగా మా గడుల బొమ్మల కట్టలోకి, అంటే టైల్‌సెట్‌లోకి, వచ్చాయి. గోల్కొండలో ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినిపించడం మొదటి గుహలో చిక్కుముడి అయింది: సరైన రాయి కింద నిలబడి చప్పట్లు కొడితేనే పై తలుపు దగ్గరి కావలివాడు కదులుతాడు.

డబ్బు

ఇక్కడే రెండు ఆటలూ పూర్తిగా ఎదురెదురు.

స్టార్‌డ్యూలో ఇంటి ముందు పెట్టెలో వేసిందల్లా రాత్రికి అమ్ముడుపోతుంది. ఎంత వేసినా ధర పడదు. పార్స్‌నిప్ విత్తనం 20, అమ్మితే 35, 4 రోజులు. రోజుకు గడికి 3.75. క్యాలీఫ్లవర్ 80 పెట్టి 175, 12 రోజులు. రోజుకు 7.9. వేసవి ఒకటిన బ్లూబెర్రీ వేస్తే 13 రోజులకు మొదటి కాపు, తర్వాత ప్రతి 4 రోజులకు ఒకటి, సీజన్‌లో నాలుగు కాపులు, కాపుకు మూడు పండ్లు, పండు 50. విత్తనం 80 తీసేస్తే 520, రోజుకు 18.6. అంటే ఆదాయం గడులు, రోజుల గుణకారం. అందుకే ఆ ఆటలో అందరూ కాగితం మీద లెక్కలు వేస్తారు.

స్కైరిమ్‌లో ఎంత సంపాదించినా కొనేవాడి జేబు దాటదు. మామూలు సరుకుల దుకాణదారు దగ్గర 750 బంగారం, కమ్మరి దగ్గర 1,000, మందుల దుకాణంలో 500, రెండు రోజులకోసారి నిండుతాయి. పైగా బేరం: స్పీచ్ నైపుణ్యం సున్నా అయితే వస్తువు విలువను 3.3తో భాగించి ఇస్తాడు, 100 అయితే 2తో. స్పీచ్ 15 ఉన్నవాడు 1,000 విలువైన వస్తువు అమ్మితే 322 వస్తుంది. 750 జేబుతో అలాంటివి రెండు కొనేసరికి దుకాణదారు ఖాళీ.

పంట విలువ చూస్తే ఇంకా స్పష్టం. స్కైరిమ్‌లో క్యాబేజీ 2, గోధుమ 5. వ్యవసాయం చేసి కత్తి కొనడం అయ్యే పని కాదు. కానీ అదే గోధుమను రాక్షసుడి కాలివేలితో కలిపితే ఆ ఆటలో బాగా ధర పలికే మందుల్లో ఒకటి వస్తుంది. అక్కడ పంట మందుల తయారీకి ముడిసరుకు. స్టార్‌డ్యూలో తిరగబడి ఉంటుంది: గనిలో 80వ అంతస్తు కిందికి దిగి బంగారు ఖనిజం తెచ్చేది ఎనిమిది గడులకు నీళ్లు చల్లే స్ప్రింక్లర్ కోసం. దానికి ఇనుప కడ్డీ ఒకటి, బంగారు కడ్డీ ఒకటి, శుద్ధి చేసిన క్వార్ట్జ్ ఒకటి కావాలి. అక్కడ గని పొలానికి పనిమనిషి. ఎవరు ఎవరికి పని చేయాలన్నది మొదటే తేల్చుకోకపోతే ధరల పట్టిక ఎప్పటికీ కుదరదు. మా ఆటలో గుహ పొలానికి పని చేస్తుంది.

అమ్మకానికి మాత్రం రెండు పద్ధతులూ మన ఊళ్లోనే పక్కపక్కన ఉన్నాయి. కొనుగోలు కేంద్రం స్టార్‌డ్యూ పెట్టె లాంటిది: ఎంత తెచ్చినా ధర మారదు. 2025-26కు క్వింటాకు మామూలు రకం 2,369, ఏ గ్రేడు 2,389 రూపాయలు. తెలంగాణలో సన్న వడ్లకు పైన 500 బోనస్. కానీ తేమ 17 శాతం మించకూడదు. వ్యాపారి స్కైరిమ్ దుకాణదారు లాంటివాడు: పచ్చి వడ్లు కల్లంలోనే తూకం వేసుకుంటాడు, తక్కువ ఇస్తాడు, జేబులో ఉన్నంతే కొంటాడు.

అంకెలు ఇలా పెట్టాం. ఎకరానికి 25 క్వింటాళ్ల లెక్కన గుంటకు 62.5 కిలోలు. కోసిన రోజు తేమ 23 శాతం. ఎండలో రోజుకు 3 తగ్గుతుంది, వాన పడితే 4 పెరుగుతుంది. రెండు రోజులు ఎండబెట్టి కేంద్రానికి తీసుకెళ్తే సోనా గుంటకు 1,806 రూపాయలు. వ్యాపారికి అప్పుడే ఇచ్చేస్తే క్వింటా 2,000 చొప్పున 1,250. అతని జేబు 4,000, కార్తెకోసారి నిండుతుంది, మూడు గుంటల వడ్లకే అయిపోతుంది. మొదట్లో ఆటగాడికి ఉన్నది ఐదు గుంటలు. మిగతా రెండు గుంటలు ఎలాగూ ఎండబెట్టాల్సిందే. స్వాతిలో ఆకాశం చూసి కల్లం మీద వడ్లు పరచాలా, మబ్బు చూసి వ్యాపారిని పిలవాలా అన్నది ఈ ఆటలో ఏ గుహ యుద్ధానికీ తీసిపోని ఘట్టం. ఆడినవాళ్లు అక్కడ మీట నొక్కకుండా ఆగి ఆలోచిస్తున్నారు. ఇంత మంచి ఘట్టం మేం కల్పించింది కాదు, ఏటా రైతులు పడే యాతన. దాన్ని తేలిక చేయకూడదని టార్పాలిన్‌ను కూడా కొనుక్కోవాల్సిన వస్తువుగానే ఉంచాం.

అలసట, కత్తి

స్టార్‌డ్యూలో శక్తి 270తో మొదలవుతుంది, శక్తి పెంచే స్టార్‌డ్రాప్ పండ్లు ఏడూ దొరికితే 508. పార దెబ్బకు 2, నీళ్లకు 2. గడికి నాలుగు, అంటే మొదటి రోజుల్లో 67 గడులకు మించి దున్ని తడపలేరు. రాత్రి 2 దాటితే పడిపోతారు, చేతిలోని డబ్బులో పదో వంతు, 1,000కి మించకుండా, పోతుంది. స్కైరిమ్‌లో స్టామినా 100, ఖర్చయినా ఊపిరి తీసుకునేలోగా మళ్లీ నిండిపోతుంది. అది పోరాటానికి సంబంధించిన కొలత, రోజుకు సంబంధించినది కాదు. 2017లో స్కైరిమ్‌కు సర్వైవల్ మోడ్ వచ్చినప్పుడు ఆకలి, చలి, అలసట చేర్చారు, ఫాస్ట్ ట్రావెల్ (నడవకుండా క్షణంలో వేరే చోటికి చేరడం) తీసేశారు, పడుకుంటేనే లెవెల్ పెరిగేలా మార్చారు. కాలానికి ఖర్చు పెట్టగానే స్కైరిమ్ కూడా పొలం ఆట వైపు జరిగిందన్నమాట.

రెండు ఆటల్లోనూ ఒక పోలిక ఉంది, మేం దాన్ని అలాగే ఉంచాం: మామూలు కత్తి దెబ్బకు ఖర్చు లేదు. స్టార్‌డ్యూలో కత్తి శక్తి తినదు. స్కైరిమ్‌లో స్టామినా తినేది బలమైన దెబ్బ ఒక్కటే. పొలంలో అలసిపోయినవాడు గుహలో చేతులు కట్టుకుని చావకూడదు కదా.

మా శక్తి 200. గుంటకు దమ్ము చేయడానికి 40, నాటుకు 60, కలుపుకు 30. ఐదు గుంటల నాటుకు 300 కావాలి, ఒక్కరోజులో ఒంటరిగా కాదు. కూలీలను పిలవాలి, లేదా రెండు రోజులు పట్టాలి. రోహిణిలో మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ప్రతి పనికీ రెట్టింపు ఖర్చు. ఆ ఎండలో గుహ చల్లగా ఉంటుందని ఆటగాడికి దానంతటదే తడుతుంది, ఎక్కడా చెప్పనక్కర్లేదు.

సేవ్

స్టార్‌డ్యూ పడుకున్నప్పుడే సేవ్ చేస్తుంది. స్కైరిమ్‌లో ఎఫ్5 నొక్కితే అప్పటికప్పుడు. మాకు రాత్రి సేవ్ ఒకటి, గుహలో దీపాల దగ్గర సేవ్ ఒకటి. ఎక్కడపడితే అక్కడ సేవ్ ఇస్తే స్వాతి వాన ఘట్టం చచ్చిపోతుంది. వడ్లు తడవగానే పాత సేవ్ తెరుస్తారు.

అందుకని వానను పొద్దునే నిర్ణయించి, యాదృచ్ఛిక సంఖ్యల యంత్రం స్థితిని కూడా ఫైల్‌లో దాస్తున్నాం. ఇక్కడ జేసన్ (సమాచారాన్ని అక్షరాలుగా ఫైల్‌లో రాసే పద్ధతి) వాడేవాళ్లు జాగ్రత్తపడాలి. గొడో జేసన్ చదివేటప్పుడు అంకెలన్నిటినీ ఫ్లోట్‌గా, అంటే దశాంశ సంఖ్యగా, తీసుకుంటుంది. ఆ స్థితి 64 బిట్ల పూర్ణాంకం. ఫ్లోట్‌లో 53 బిట్లకు మించి సరిగ్గా నిలవవు. చివరి అంకెలు అరిగిపోయి, తెరిచిన ప్రతిసారీ వేరే వాన పడుతుంది. ఎర్రర్ రాదు, అందుకే పట్టుకోవడం కష్టం. అంకెను స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల తీగగా, రాసి, చదివాక పూర్ణాంకంగా మార్చుకుంటే సరిపోతుంది. గడుల చిరునామాలు కూడా అంతే: రెండు అంకెల వెక్టర్‌ను డిక్షనరీ తాళంగా వాడితే జేసన్‌లో అది ఉత్త అక్షరాల తీగ అయిపోతుంది. అడ్డం, నిలువు విడివిడిగా రాయాలి.

దీపం దగ్గరి సేవ్‌ను విడి ఫైల్‌గా పెడితే వస్తువులు రెండింతలవుతాయి, ఒక ఫైల్‌లో ఇంటి పెట్టె, ఇంకో ఫైల్‌లో సంచి ఉంటాయి కాబట్టి. ఒకే ఫైల్ ఉండాలి. దాన్ని మొదట తాత్కాలిక పేరుతో పూర్తిగా రాసి, ఆ తర్వాతే అసలు పేరుకు మార్చాలి. రాస్తుండగా కరెంటు పోయినా పాతది చెక్కుచెదరదు. స్టార్‌డ్యూ సేవ్ ఫోల్డర్ తెరిచి చూస్తే పక్కనే నిన్నటి కాపీ కూడా ఉంటుంది, అదీ అనుసరించదగ్గదే.

సంచి

తొందరగానే తేలిపోయింది. స్టార్‌డ్యూలో 12 అరలు, డబ్బు పెడితే 24, 36. ఒక అరలో 999 దాకా. స్కైరిమ్‌లో బరువు 300, ఇనుప కత్తి 9. మనిషి సంచికి అరలు, బండికి బరువు. వడ్ల బస్తా 40 కిలోలు, సంచిలో పట్టదు, బండి కట్టాలి.

తెలుగు అక్షరాలు

ఈ రెండు ఆటల్లోనూ అధికారికంగా తెలుగు లేదు కాబట్టి చూసి నేర్చుకోవడానికి ఏమీ దొరకలేదు. మాటలు ఒక్కో అక్షరంగా తెర మీద పడడం ఇలాంటి ఆటలకు ఆనవాయితీ. గొడో లేబుల్‌లో మామూలుగా ఉన్న అమరికలో అది తెలుగును చిందరవందర చేస్తుంది. అక్షరాన్ని కూర్చక ముందే తెగ్గొడుతుంది కాబట్టి "క్షేత్రం" అన్న మాటలో ముందు "క", ఆ తర్వాత పొల్లు, ఆపైన ఒత్తు, గుణింతం ఎగురుతూ వస్తాయి. చదివేవాళ్ల కళ్లు అదురుతాయి. విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్ అనే అమరికను గ్లిఫ్‌ల (కూర్చిన అక్షర రూపాల) మీదకు మార్చాలి. అప్పుడు కూర్చిన రూపం చెదరదు. ఇంగ్లీషు పిక్సెల్ ఫాంట్ 8 పిక్సెళ్ల ఎత్తులో చదవొచ్చు, తెలుగుకు ఆ ఎత్తులో ఒత్తులు ముద్దయిపోతాయి. నోటో సాన్స్ తెలుగు వాడి, వరుసల మధ్య ఎడం పెంచాం. బొమ్మలు పిక్సెల్‌వే, అక్షరాలు నున్నటివి. పొసగదని భయపడ్డారు కొందరు, ఆడేటప్పుడు ఎవరూ గమనించలేదు.

మాటలు మాత్రం ఊరి మాటలే. గట్టు మీద ఎదురైన ముసలావిడ అడుగుతుంది: "ఏం బిడ్డా, నారు పోసినవా?" ఆటగాడు: "పోసిన పెద్దమ్మా. వారంల నాటేస్త." ఆవిడ: "గుట్ట దిక్కు పోతున్నవట గదా. ఈనే యాళ్లకు మాత్రం మడి కాడ ఉండాలె బిడ్డా." పంట క్యాలెండర్‌ను తెర మీద పట్టికగా చూపించకుండా ఇలా చెప్పించడమే మాకు ఇష్టం. కలుపు రోజులు, నీళ్లు తీసే రోజు అన్నీ ఎవరో ఒకరి నోట వస్తాయి. కార్తె పేరు మాత్రం తెర మూలన ఎప్పుడూ ఉంటుంది.

ఇప్పుడు బల్ల మీద ఉన్నది

వానాకాలం మొదటి నుంచి చివరిదాకా ఆడొచ్చు. యాసంగి సగంలో ఉంది. దానికి వాన లేదు, బోరు నీళ్లే, రోజుకు ఎన్ని మడులు తడుస్తాయన్నది ఇంకా అంకెల్లో పెట్టాలి. పత్తిని బ్లూబెర్రీ పద్ధతిలో పెడుతున్నాం, ఒకే చెట్టుకు పలుసార్లు ఏరడం. తేడా ఏమిటంటే ఏరుడుకు కూలీలు కావాలి, అది గుహ రోజులను తింటుంది.

పసుపు దగ్గర మాత్రం పని ఆగింది. బయట దాదాపు తొమ్మిది నెలలు, ఆటలో 80 రోజులు. ఆ 80 రోజుల్లో గుహలు రెండుసార్లు మళ్లీ నిండుతాయి. అప్పుడు గుహ సరుకు పొలానికి పని చేయడం మానేసి, పొలమే పక్కన పడుతుంది. గుహ నిండే గడువును రోజుల్లో కాకుండా ఆటగాడు కోసిన పంటల లెక్కన పెట్టి చూస్తున్నాం: ఒక పంట ఇంటికి చేరితేనే గుట్ట మళ్లీ తెరుచుకుంటుంది. పెరటి తోటకూరను పంటగా లెక్కించకూడదన్నది దానికి మొదటి షరతు, లేకపోతే ఎనిమిది రోజులకోసారి తెరుచుకుంటుంది.